1150 నంబరు పిండి

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి శీనుకి నాన్న దీవించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మామ్మ, అమ్మ, నేను క్షేమం. మామ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, వాన కబురు టీవీ వాళ్ళకంటే ముందే చెబుతోంది. చిట్టి పోయిన వారం పిల్లలతో వచ్చి వెళ్ళింది. చిన్నవాడు నీ పాత సైకిలు బెల్లు ఊడదీసి పట్టుకుపోయాడు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నీ మాటలు మాకు కంఠతా వచ్చేశాయి. "బావున్నా నాన్నా, తిన్నా నాన్నా, తర్వాత చేస్తా నాన్నా." ఆ తర్వాత ఎప్పుడొస్తుందో తెలియడం లేదు. పెద్దమామయ్య అల్లుడు గురువారం మీ జర్మనీకే, ఫ్రాంక్‌ఫర్ట్ బయల్దేరుతున్నాడు. అక్కణ్ణుంచి నీకు పార్సిల్ వేస్తానన్నాడు. పొడులతోపాటు నాలుగు ముక్కలు రాసి పెడదామని కూర్చున్నాను. వేరే కారణమేమీ లేదు.

ముందు పార్సిల్ సంగతి. కందిపొడి, నల్లకారం, మాగాయ, జంతికలు పెట్టాం. ఆవకాయ నూనె కారి సూట్‌కేసు పాడవుతుందని అల్లుడు భయపడ్డాడు, సరే వద్దులే అన్నాం. అమ్మ రెండు సీసాల నెయ్యి కాచి పెట్టింది గానీ, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. నెయ్యిని మాంసం సరసన ఎవరు చేర్చారని మీ అమ్మ ఇప్పటికీ రుసరుసలాడుతోంది. పూతరేకులు పెడదామన్నా వాటికీ నెయ్యి రాసి ఉంటుందాయె. రొట్టె విరిగి నేతిలో పడిందంటారు కదా, మన ఇంట్లో రొట్టె అక్కడ, నెయ్యి ఇక్కడ. ఉప్పు లేని వెన్న కొనుక్కుని సన్నటి సెగ మీద కాచుకో. ఫోన్ చూసుకుంటూ కాచకు, మాడిపోతుంది.

రొట్టె అంటే గుర్తొచ్చింది. మొన్న శుక్రవారం కొత్తపేట పిన్ని వచ్చింది. వాళ్ళ మనవడూ నువ్వుండే డోర్ట్‌మండ్‌లోనే చదువుతున్నాడు కదా. వాడి గదిలో ఉండే కుర్రాడికి ఎవరో చెప్పారట, ఆ కుర్రాడు వీడికి చెప్పాడట, వీడు వాళ్ళమ్మకి చెప్పాడట. మన శీను తెల్లవారుజామున మూడింటికి ఒక బేకరీ వెనక తలుపులోంచి లోపలికి వెళ్తూ కనిపించాడని. చదువు మానేసి రొట్టెల పని నేర్చుకుంటున్నాడని కూడా. ఇన్ని నోళ్ళు మారి వచ్చిన మాటకి ఎంత విలువివ్వాలో నాకు తెలుసు. "చూసినవాడు మూడింటికి రోడ్డు మీద ఏం చేస్తున్నాడో ముందు అది కనుక్కో" అని పంపించేశాను. ఆ సంగతి అక్కడితో వదిలేశాను. నువ్వూ పట్టించుకోకు.

అక్కడ చలి మొదలైందా? మీ రూర్ ప్రాంతపు చలి మంచుతో కాదు, తడితో చంపుతుంది. నాకు బాగా తెలుసు. నువ్వున్న చోటు నుంచి రైలెక్కితే గంటలోపే మ్యూల్‌హైమ్. నేను ట్రైనింగ్‌కి వెళ్ళిన ఊరు. ఒక్క ఆదివారం వెళ్ళి చూసి ఫోటో పంపరా అని నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ అడుగుతున్నాను. ఆదివారాలు నీకు నిద్ర సరిపోదంటావు. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకునేంత పని శనివారం రాత్రి ఏముంటుందో మరి.

1987 నవంబరులో ఫ్యాక్టరీ వాళ్ళు టర్బైన్ల పని నేర్చుకురమ్మని నన్నూ, లక్నో ఆయన్నొకణ్ణీ అక్కడికి పంపారు. దిగింది శనివారం మధ్యాహ్నం. ఆ రోజుల్లో చట్టం ప్రకారం దుకాణాలు మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకి, శనివారం మధ్యాహ్నం రెండింటికి మూసెయ్యాలి. నెలలో మొదటి శనివారం మాత్రం సాయంత్రం దాకా తెరిచేవాళ్ళు, మేం దిగింది మొదటిది కాదు. ఆదివారం ఎలాగూ అన్నీ బంద్. జేబులో జర్మన్ డబ్బు, మార్కులున్నాయి, సోమవారం పొద్దుటిదాకా కొనుక్కోవడానికి ఏమీ లేదు. స్టేషన్ దగ్గర ఏవో అమ్ముతున్నారు గానీ, అందులో మాంసం లేనిదేదో అడగడానికి నాకు భాష రాదు. మామ్మ కట్టిచ్చిన అటుకులూ బెల్లమే ఆధారం.

మేం అద్దెకి దిగిన ఇల్లు డెబ్భై ఏళ్ళ ఆవిడది. వీధంతా ఓమా, అంటే మామ్మ, అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. ఆవిడ భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆ ఊరి ఆఖరి గని 1966లో మూసేశారు, ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడట. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆవిడ తలుపు కొట్టి కిందికి రమ్మంది. బల్ల మీద ఒక్కొక్కరి ముందు చిన్న చెక్క పలక, ఒక కత్తి. మధ్యలో ముదురు రంగు రొట్టె, వెన్న, రెండు రకాల చీజ్, సీసాలో దోసకాయల ఊరగాయ, టీ. ఆవిడ రొట్టెని గుండెకి ఆనించుకుని కత్తి తనవైపుకి లాగుతూ కోస్తుంటే నాకు కాళ్ళు వణికాయి. ముక్క మాత్రం అంచు నుంచి అంచుకి ఒకే మందం. నేను ఒక్క ముక్కకి వెన్న రాసుకుని మర్యాదగా తిని, అసలు భోజనం ఎప్పుడొస్తుందా అని వంటింటివైపు చూస్తూ కూర్చున్నాను. లక్నో ఆయనా అంతే. ఈ కుర్రాళ్ళకి ఆకలి లేదు కాబోలనుకుని ఆవిడ అన్నీ సర్దేసింది. పైకొచ్చి ఇద్దరం అటుకులు నానబెట్టుకున్నాం. వేడి భోజనం వాళ్ళకి మధ్యాహ్నమేనని, రాత్రికి పొయ్యి వెలిగించరని, ఆ రొట్టే భోజనమని ఫ్యాక్టరీలో చెప్పేదాకా మాకు తెలియదు. మర్నాటి నుంచి మొహమాటం మానేశాం.

వారం తిరిగేసరికి లక్నో ఆయన ఎండిపోయిన సగం రొట్టె చెత్తబుట్టలో వేశాడు. ఓమా చూసింది, పల్లెత్తు మాట అనలేదు. బయటికి తీసి, అంచులు కోసేసి, మిగతాది పలచగా తరిగి వేడి గొట్టం మీద ఆరబెట్టింది. మర్నాడు సూపులో వేసింది. తర్వాత ఎప్పుడో చెప్పింది, యుద్ధం అయిపోయాక 1947లో అక్కడ రేషన్ రొట్టె కూడా సరిగా అందక జనం పనులాపి వీధుల్లోకి వచ్చారట. రూర్ అంతటా అదే గొడవ. రొట్టె కావాలని అట్టల మీద రాసి పట్టుకున్నారట. ఆవిడా చంటిదాన్ని ఎత్తుకుని వెళ్ళి నిలబడిందట. నలభై ఏళ్ళు గడిచినా పలక మీద రాలిన రవ్వని వేలితో అద్దుకుని తినేది.

ఇంకోటి కూడా ఆవిడ దగ్గరే విన్నాను. గనిలోకి దిగే మగవాళ్ళు వెన్న రాసిన ముక్కలు రెండు కలిపి కాగితంలో చుట్టుకుని వెళ్ళేవాళ్ళు. తినగా మిగిలింది ఇంటికి తెస్తే పిల్లలు ఎగబడేవాళ్ళట, అదే రొట్టె ఇంట్లో ఉన్నా సరే. ఎందుకంటే అది దారిలో కుందేలు ఇచ్చిందని నాన్న చెప్పేవాడు. జర్మనీలో చాలా ఇళ్ళలో ఈ మాట ఉంది, మీ ఊళ్ళో పెద్దవాళ్ళనెవరినైనా అడిగి చూడు. నీ చిన్నప్పుడు నా టిఫిన్ డబ్బాలో సగం క్యాంటీన్ బన్ను పంపిన కుందేలు ఏ దేశందో ఇప్పుడు తెలిసిందా? నువ్వు క్వార్టర్స్ వెనక తుప్పల్లో దానికి క్యారెట్ ముక్కలు పెట్టి వచ్చేవాడివి. చిట్టి ఒక్కరోజు కూడా నమ్మలేదు. అది అప్పటినుంచే లాయరు.

ఎక్కడికో పోయాను. చెప్పాలనుకుంది వీధి చివర బేకరీ సంగతి. పొద్దున్నే ఓమాకి తోడు వెళ్ళేవాణ్ణి. ముందు కొట్లో బేకరీ ఆయన భార్య, వెనక ఆయన. అప్పట్లో రాత్రిపూట రొట్టెలు కాల్చకూడదని చట్టముండేది. మొదటి యుద్ధంలో 1915లో పిండి ఆదా చెయ్యడానికి పెట్టారట, 1996లో గానీ పూర్తిగా తియ్యలేదు. అందుకని ఆయన నాలుగింటికి మొదలుపెట్టేవాడు. ఇప్పుడా అడ్డు లేదు, ఒంటిగంటకీ రెండింటికీ మొదలుపెట్టేవాళ్ళున్నారు. అంటే మూడింటికి వెళ్ళేవాడు ఆలస్యంగా వెళ్తున్నట్టే లెక్క. ఎవరైనా వెళ్తూంటే.

యంత్రాలంటే నాకున్న పిచ్చి నీకు తెలుసు కదా. పొయ్యి చూపించమని అడిగాను, ఆయన లోపలికి రానిచ్చాడు. పొయ్యి చూడ్డానికి వెళ్ళినవాణ్ణి పిండి దగ్గరే ఆగిపోయాను. రై అని అక్కడో ధాన్యం, దాని పిండిలో గోధుమలా సాగే బంక కుదరదు. పైగా పిండిపదార్థాన్ని చక్కెరగా విరిచే ఎంజైము అందులో చురుగ్గా ఉంటుంది. పులుపు తగలకపోతే పొయ్యిలో పెట్టాక కూడా అది తన పని తాను చేసుకుపోయి, లోపలంతా జిగటగా మిగులుతుంది. పులుపు దాన్ని అణిచిపెడుతుంది. అందుకని నిన్నటి పులిసిన ముద్దలో కాస్త తీసి దాచి, మనం పాలకి తోడు పెట్టినట్టు, ఇవాళ్టి పిండికి పెడతారు. ఆయన మూడు దశల్లో పులియబెట్టేవాడు. ఒక్కో దశకి నీళ్ళ పాళ్ళు వేరు, వెచ్చదనం వేరు, గంటలు వేరు. గోడకి థర్మామీటరు, పక్కన పలక మీద సుద్దతో టైములు. మా షాపులో అంత ఒద్దికగా లాగ్ రాసినవాణ్ణి నేను చూడలేదు, నాతో సహా. రొట్టెలు పొయ్యిలోకి తోశాక లోపలికి ఆవిరి వదిలి, సెగ మొదట బాగా ఎక్కువ పెట్టి తర్వాత తగ్గించుకుంటూ వచ్చేవాడు. ఆవిరీ సెగా నా సబ్జెక్టే కాబట్టి మా ఇద్దరికీ భాష అవసరం పెద్దగా పడలేదు.

గోడ వారగా బస్తాలు, వాటి మీద అంకెలు. 405, 550, 1050, 1150. ధరలేమో అనుకున్నాను. కాదు. వంద గ్రాముల పిండిని పూర్తిగా కాల్చేస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ లెక్క. గింజ పైపొర ఎంత ఎక్కువ కలిస్తే అంత బూడిద, అంత పెద్ద అంకె. 405 కేకులకి, 550 పొద్దున తినే చిన్న రొట్టెలు బ్రోట్‌షెన్‌లకి, 1150 రై పిండి.

ఈ పాఠమంతా ఎందుకంటే, దసరా ముందు ఫోన్లో అమ్మ మంచి గోధుమపిండి దొరుకుతోందా అని అడిగితే, నువ్వు పక్కకి తిరిగి ఎవరితోనో "1150 బస్తా ఇంకోటి కావాలా" అన్నావు. అమ్మ ఏమిట్రా అంటే ఫ్రెండ్‌తో ఏదో అంటున్నానన్నావు. చపాతీలు చేసుకునేవాడు కిలో ప్యాకెట్ కొంటాడు. బస్తా ఎవరు మోస్తారు? పైగా చపాతీకి 1150 రై పిండి! ఒక్కటైనా పొంగుతుందా?

నేను అడగడం లేదు, ఊరికే రాస్తున్నాను. చిట్టి పుట్టినరోజుకి పంపిన ఫోటోలో నీ ముంజేతి మీద అడ్డంగా రెండు చారలున్నాయి. కుక్కర్ తగిలిందన్నావు. కుక్కర్ గుండ్రంగా ఉంటుంది నాన్నా. అలాంటి తిన్నటి చారలు మ్యూల్‌హైమ్ బేకరీ ఆయనకి రెండు చేతులకీ ఉండేవి, పొయ్యి నోరు తగిలి. చేతులు మోచేతి దాకా కప్పుకునే గుడ్డ తొడుగులు దొరుకుతాయి. తడిసిన గుడ్డతో వేడి రేకు పట్టుకోకు, ఆవిరై ఇంకా కాలుతుంది. ఇది కుక్కర్‌కీ వర్తిస్తుంది.

పిన్ని వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. "అప్పు చేసి ఎమ్మెస్‌కి పంపి రొట్టెలు కాల్పిస్తున్నారా బావగారూ" అని. నాకు నిజంగానే కోపం వచ్చింది. మనవాళ్ళకి రొట్టె అంటే జ్వరమొచ్చినప్పుడు పాలలో ముంచుకుని తినే తెల్ల బ్రెడ్డు. ఆ దేశంలో 3,000కి పైగా రకాల రొట్టెలు రిజిస్టరులో రాసి పెట్టుకున్నారని, 2014లో వాళ్ళ రొట్టె సంస్కృతిని దేశపు వారసత్వ జాబితాలో చేర్చుకున్నారని చెప్పాను. మీ వెస్ట్‌ఫేలియా నల్ల రొట్టె పుంపర్‌నికెల్ తక్కువ సెగలో కనీసం 16 గంటలుండాలి, ఆ నలుపులో చిటికెడు రంగు కలపరు, అంతా ఓపిక అని కూడా చెప్పాను. బేకరీ పని మూడేళ్ళ చదువు, వారంలో కొన్ని రోజులు కొట్లో, కొన్ని రోజులు బళ్ళో. ఆ తర్వాత పనిలో నిపుణుడని తేల్చే మైస్టర్ పరీక్ష పాసైతే దాని హోదా బ్యాచిలర్ డిగ్రీతో సమానమని ప్రభుత్వమే మెట్టు కట్టింది. అది లేకుండా సొంతంగా బేకరీ పెట్టుకోవడం అంత తేలిక కాదు. పిన్ని ఇవన్నీ విని "అయితే నిజమేనన్నమాట" అంది. చూశావా, నీ తరఫున మాట్లాడినా ఇలా ఉంటుంది.

నేను నిన్ను వెనకేసుకొచ్చానని మాత్రం అనుకోకు. ఆ పని గొప్పదవడం వేరు, నువ్వు చెయ్యడం వేరు. అరవైలలో పశ్చిమ జర్మనీలో 50,000కి పైగా ఉన్న బేకరీలు ఇప్పుడు దేశం మొత్తంలో 10,000 కూడా లేవు. సూపర్‌మార్కెట్లలో ముందే చేసిన ముద్దల్ని అక్కడికక్కడ కాల్చి అమ్ముతున్నారు. పనిలోకి కుర్రాళ్ళు దొరక్క బయటి దేశాలవైపు చూస్తున్నారు. చూడరా మరి? అక్కడి పిల్లలకి ఆ వేళకి లేవడం ఇష్టం లేదు. నువ్వు ఇంటర్‌లో ఉండగా ఎనిమిదింటికి లేపడానికి మామ్మ నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడేది. నిన్ను మూడింటికి లేపిన ఆ బేకరీ వాళ్ళు ఎవరో గానీ మహానుభావులు. ఒకవేళ లేపుతూంటే.

చదువు వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులకి మించి పని చెయ్యకూడదు. లెక్క రాసుకుంటున్నావా? వీసా కోసం నీ ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించాల్సిన ఆ బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు వెయ్యడానికి బ్యాంకు చుట్టూ తిరిగిన రోజులు గుర్తొస్తే నాకిప్పటికీ చెప్పులు బరువెక్కుతాయి. లోను సంగతి ఎత్తకూడదనుకున్నాను. ఎత్తడం లేదు. ప్రతి నెలా ఐదో తారీఖున పెన్షన్లోంచి అదే వెళ్ళిపోతోంది, నువ్వు దాని గురించి ఆలోచించకు. చదువు మిగిలింది కొంచెమే కదా, పూర్తి చేసి ఆ కాగితం చేతిలో పెట్టుకుంటే తర్వాత రొట్టెలు కాల్చినా ఇటుకలు కాల్చినా ఎవరూ అడగరు. మధ్యలో మార్చుకోవాలనే ఉంటే కాగితాలు ముందు మార్చుకో, పని తర్వాత. మనవాళ్ళెవరో పర్వాలేదన్నారని సంతకం పెట్టకు. ఫారినర్స్ ఆఫీసులో నువ్వే స్వయంగా అడుగు, చెప్పింది రాసి ఇమ్మను.

ఇదంతా ఒకవేళకి. పాఠం చెప్పకూడదని ఉత్తరం మొదలుపెట్టేముందే అనుకున్నాను, అమ్మకి మాటిచ్చాను కూడా.

ఆ బేకరీ ఆయన కథ మధ్యలో వదిలేశాను కదూ. సంక్రాంతి రోజుల్లో, అక్కడ మంచు పడుతున్నప్పుడు, ఆయన దగ్గు నా చెవిన పడింది. మొదట జలుబన్నాడు. పిండి జల్లెడ పట్టేటప్పుడు ముక్కు కారేది, కళ్ళు ఎర్రబడేవి. ఆదివారాలు బాగుండేవాడు. సోమవారం మళ్ళీ మొదలు. ఆ తేడా ముందు కనిపెట్టింది వాళ్ళావిడ. ఫిబ్రవరిలో ఒక పొద్దున నేనూ ఓమా వెళ్ళేసరికి కొట్టు తలుపుకి కాగితం అంటించి ఉంది. ఏళ్ళ తరబడి పిండి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు దానికి ఎదురుతిరిగాయట. గోధుమైనా రై అయినా ఒకటే. అక్కడ దాన్ని బేకర్ల ఆస్తమా అంటారు, వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉంది. డాక్టరు ఇక పిండి ముట్టుకోవద్దన్నాడు. ఆయనకి నలభై దాటి ఎంతో కాలం కాలేదు. వాళ్ళ తాత కట్టించిన పొయ్యి అది. నేను తిరిగొచ్చే ముందు ఆయన మా ఫ్యాక్టరీ గేటు దగ్గర పాసులు రాసే గదిలో కనిపించాడు. ఇంకా ఏదీ తేలలేదు, ఈలోగా ఇక్కడ, అన్నాడు. దగ్గు తగ్గిందా అన్నాను. తగ్గిందన్నాడు. పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నారంటే, పని లేకపోయినా మూడున్నరకే మెలకువ వచ్చేస్తోందని నవ్వాడు. ఓమా అప్పటి నుంచీ రెండు వీధులవతల బేకరీకి వెళ్ళేది. అక్కడి రొట్టె మంచిదే, ఆవిడ మాత్రం రోజూ వంక పెట్టేది.

చిట్టి చెప్పింది. చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావట, అయినా చెప్పింది. దాన్ని తిట్టకు. నీ చిన్నప్పటి ఇన్‌హేలర్ పేరేమిటని అడిగావట. ఎవరో ఫ్రెండ్‌కి కావాలన్నావట. ఎవరో ఫ్రెండ్‌కి నీ చిన్నప్పటి మందెందుకురా?

రెండో క్లాసులో నీకు ఆయాసం వచ్చిన రాత్రులు నీకు గుర్తుండవు. అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే నీ ఛాతీలో పిల్లికూతలు నాకు వీధి గుమ్మం దాకా వినిపించేవి. మృగశిర కార్తె నాడు నిన్ను భుజాన వేసుకుని హైదరాబాదులో చేప మందు క్యూలో నిలబడ్డాను. శాకాహారులకి బెల్లంలో పెట్టి ఇస్తామన్నారు. మడి కట్టుకోనిదే మంచినీళ్ళు ముట్టని మామ్మ, పక్క ఇంటావిడకి వినపడేలా, "వాడికి చేపే వెయ్యండి, ఆచారం సంగతి నేను చూసుకుంటాను" అంది. నువ్వు ఆ చేపపిల్లని మింగి, ఇంకోటి కావాలన్నావు. ఆ తర్వాత తగ్గింది. చేపతో తగ్గిందో, డాక్టరుగారి ఇన్‌హేలర్‌తో తగ్గిందో, వయసుతో తగ్గిందో తెలియదు, అన్నింటికీ కలిపి దణ్ణం పెట్టుకున్నాం. ఇన్నేళ్ళు దాని ఊసు లేదు. ఇప్పుడు నువ్వు దాని పేరు అడిగావు.

అందుకని ఇవి చదివి పక్కన పడెయ్యకు. బస్తా ఎత్తు నుంచి గుమ్మరించకు, వంగి నెమ్మదిగా వంపు. పిండి కలిపే యంత్రానికి మూత వేసి మొదట నెమ్మదిగా తిప్పాలి. బల్ల మీద పిండి చల్లేటప్పుడు విసరకు. దుమ్ము తక్కువ లేచే చల్లుడు పిండి అక్కడ ప్రత్యేకంగా దొరుకుతుంది, అది వాడుతున్నారేమో అడుగు. పని అయ్యాక గాలి గొట్టంతో ఊదీ, చీపురుతో ఊడ్చీ శుభ్రం చెయ్యకూడదు, పీల్చే మిషన్ ఉండాలి. ఆ బట్టలతో గదికి రాకు, తల కడుక్కోకుండా దిండు మీద పడుకోకు. పొయ్యి ముందు చెమటతో ఉండి టక్కున వెనక తలుపు తీసి చలిలో నిలబడకు. పేరు కనుక్కుని ఆ పాత మందు కొనుక్కోవడం కాదు, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని మొదటే చెప్పు. పిండి పడుతుందో పడదో పరీక్ష చేస్తారు. పడదంటే దాచకు. ఆ మ్యూల్‌హైమ్ ఆయన చాలాకాలం జలుబనే చెప్పుకున్నాడు.

ఇప్పుడు సూటిగానే అడుగుతున్నాను, ఇంత రాశాక ఇంకా దాపరికమేమిటి. చదువు మానేశావా? అప్రెంటిస్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టావా, లేక గంటలకి పని చేస్తున్నావా? ఏదైనా సరే, పిన్ని నోటి నుంచి కాక నీ నోటి నుంచి వినాలి. కోప్పడతాను. ఒక పూట అన్నం కూడా తినకపోవచ్చు. రాత్రికి మీ అమ్మ ఎలాగూ తినిపిస్తుంది. ఆ భయంతో మాత్రం చెప్పడం మానకు.

అమ్మ పక్కనే నిలబడి, మధ్యాహ్నం వేడిగా అన్నం వండుకుంటున్నాడో లేదో అడగమంటోంది. రెండు పూటలా రొట్టే తింటే కడుపు వేడి చేస్తుందట. మజ్జిగ తాగమంటోంది, మళ్ళీ తనే చలికి మజ్జిగ వద్దంటోంది. నువ్వే తేల్చుకో.

ఇట్లు,
మీ నాన్న

మరిచిపోయాను: అక్కడ చాలామంది డాక్టర్లు బుధవారం మధ్యాహ్నం క్లినిక్ తియ్యరు. శుక్రవారమూ తొందరగా కట్టేస్తారు. మంగళవారం పొద్దున్నే వెళ్ళు, హెల్త్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళు. అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత ఇస్తామంటే సరే అని వచ్చెయ్యకు, ఆయాసమని చెప్పి కూర్చో. ఏ తారీఖు ఇచ్చారో ఆ రోజే చిట్టికి కాకుండా నాకు మెసేజ్ పెట్టు.